మోత

కుషిరోలో పొగమంచుకి పగలూ రాత్రీ లేదు.
రన్‌వే చివరి దీపం కనబడితే ఎగరడం,
కనబడకపోతే తొదొరొకి తాత కాచిన టీ తాగడం.

కాగితాల మీద దీని పేరు భారీ రవాణా విమానం, ఏడో నంబరు.
మేం బాచాన్ అంటాం. ముసలమ్మ.
లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుని మూలుగుతుంది,
లేచాక ఇక ఎవరి మాటా వినదు.
ఎనిమిది ఇంజన్లు. మూడోదానికి ఎప్పుడూ దగ్గే.
తాత చిన్న సుత్తితో రివెట్లు తట్టుకుంటూ
కుండ బేరమాడేవాడిలా చెవి ఒగ్గుతాడు:
“ఇది పలుకుతోంది. ఇది పలకట్లేదు, మార్చు.”

నా పని సరుకు.
సరుకంటే ముప్పై గజాల ఇనప మనిషి.
వెల్లకిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని
నలభై రెండు గొలుసుల కింద.
ఒక్కో గొలుసూ లాగి చూస్తాను.
ఒక్కటి వదులైనా అది గాల్లో ఒత్తిగిలుతుంది;
అది ఒత్తిగిలితే మా అందరికీ సముద్రమే పక్క.

యుద్ధం నేను చూడలేదు.
పదకొండేళ్లుగా వెళ్లొస్తున్నాను, చూడలేదు.
సరుకు గదికి కిటికీ ఉండదు.
నీళ్లలోంచి ఏదో లేచిందంటారు,
ఈసారి రేవు సగం మింగిందంటారు.
నాకు తెలిసినవి గ్రీజు వాసన,
ఎర్ర దీపం, పచ్చ దీపం.

ఆవేళ లోపల కూర్చునే పిల్ల ఇసురుగి మాయో.
పంతొమ్మిదేళ్లు. నెమురోలో
సముద్రపు నాచు ఎండబెట్టుకుని బతికే ఇల్లు.
దాని ఛాతీలోకి ఎక్కేముందు
నిచ్చెన కింద బూట్లు విప్పింది.
విప్పాలని రూలేం లేదు.
“ఇంకొకరింట్లోకి వెళ్తున్నట్టుంటుంది” అంది.
విప్పి, వెనక్కి తిప్పి పెట్టింది,
మొనలు బయటివైపుకి,
వచ్చేటప్పుడు దిగుతూనే తొడుక్కునేలా.

రెండు గంటలు తీగ మీద మాట్లాడుకున్నాం.
ఏం మాట్లాడామంటే ఏం లేదు.
వాళ్ల పిల్లి ఈనిందట, ఎండబెట్టిన నాచు మీదే.
కుడిచెవి దురద, హెల్మెట్ తియ్యనా? అంది.
తియ్యకు, అన్నాను.
కాసేపాగి: “నుమాజిరి సాన్, బరువుగా ఉన్నానా?”
తొంభై ఆరు టన్నులు, అన్నాను.
నవ్వింది.
ఇనుము గుండా వచ్చిన ఆ నవ్వు
గొలుసుల్లోకి పాకి నా అరచేతుల్లో ఆగింది.

ఎర్ర దీపం.
తీగ పీకెయ్యాలి. రూలు పుస్తకంలో ఒక్క వాక్యం:
ద్వారము తెరచుటకు ముందు సంభాషణ ఆపవలెను.
ఆమె ఇంకా పిల్లికూనల లెక్క చెబుతోంది.
నాలుగు అంది. ఐదోది...

పచ్చ.
నలభై రెండు గొలుసులూ ఒక్కసారే నోళ్లు తెరిచాయి.
పట్టాల మీద నిప్పురవ్వలు, కాళ్లు ముందు,
తర్వాత పొట్ట మీది చేతులు,
తర్వాత తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

అప్పుడు జరిగేది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
ముసలమ్మ గంతేస్తుంది.
మూట దింపిన కూలివాడి మెడ
తనంతట తనే పైకి లేచినట్టు,
నాలుగు వందల అడుగులు.
ఒంట్లో ప్రతి ఎముకా తేలికై
సంతోషంలాంటిదొకటి వస్తుంది.
దాన్ని నేనింతవరకూ క్షమించలేదు.

మోసినంతసేపూ ఒక మోత.
దింపాక, ఖాళీ డొక్కలో గాలి, ఇంకో మోత.

తిరుగుదారిలో మబ్బు మూడుసార్లు
లోపల్నుంచి వెలిగిందని కోపైలట్ చెప్పాడు.
మూడా, రెండా అని అడిగాను, అడిగి ఏం చేస్తానో తెలీదు.
గొలుసులు చుట్టాను.
బూట్లు ఎక్కడో మూలకి దొర్లిపోయాయి.
వెతికి తెచ్చి, నిచ్చెన ఉండే చోట
మళ్లీ మొనలు బయటికే పెట్టాను.
ఎడమదాని లేసు తడిగా ఉంది.

దిగాక తాత సుత్తితో వచ్చాడు.
రివెట్లు తట్టుకుంటూ అక్కడిదాకా వచ్చి ఆగాడు.
వాటిని కదపలేదు.
జేబులోంచి సుద్దముక్క తీసి, మోకాళ్ల మీద కూర్చుని,
రేపటి సరుకు వాటి మీద పడకుండా
చుట్టూ గీత గీశాడు.